7,495 మందికి ఇంత స్థలమా?

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో హార్నీ కౌంటీ అని ఒకటుంది, దానిమీద నాకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. విస్తీర్ణం దాదాపు 26,500 చదరపు కిలోమీటర్లు, అంటే విడగొట్టకముందు మన అనంతపురం జిల్లా కన్నా పెద్దది, కానీ అనంతపురంలో 2011లో 40 లక్షలపైన జనం ఉంటే ఇక్కడ 2020లో తేలింది 7,495 మంది. తలకి 850 ఎకరాల పైనే పడుతుంది. మా గేటెడ్ కమ్యూనిటీలో పార్కింగ్ గీత అరడుగు దాటిందని వాట్సాప్ గ్రూపులో మూడ్రోజులు కొట్టుకున్నాం.

బెండ్ అనే ఊరి నుంచి ఈ కౌంటీ కేంద్రం బర్న్స్ దాకా కార్లో 130 మైళ్లు, ఎటుచూసినా సేజ్‌బ్రష్ తుప్పలే. వెంచర్ బోర్డు లేదు, "ఈ స్థలం అమ్మబడదు" అని గోడమీద రాత లేదు, అసలు గోడే లేదు. ఎదురుగా పికప్‌లో వచ్చిన పెద్దాయన స్టీరింగ్ మీంచి చెయ్యి తియ్యకుండా ఒక్క వేలు పైకెత్తాడు. నేను కంగారుపడి హెడ్‌లైట్ చూసుకున్నా, డిక్కీ తెరుచుకుందేమో అని చూసుకున్నా, "మీకు తెలిసినాయనా?" అంది మా ఆవిడ. చాలాసేపటికి వచ్చిన రెండో బండివాడూ అదే వేలు. పలకరింపట!

తర్వాత రోడ్డుకడ్డంగా ఆవులు. హైదరాబాద్‌లో నేర్చుకున్న హారన్ మొత్తం వాడా, ఒకటి తల తిప్పి చూసి మళ్లీ నెమరేసుకుంది. ఇక్కడ మనుషులకంటే ఆవులే ఎక్కువ, ఓట్లు లేవు గానీ. క్రేన్ అనే ఊళ్లో గవర్నమెంట్ హైస్కూల్‌కి హాస్టల్ కూడా ఉంది, దూరంగా ఉన్న పశువుల రాంచ్‌ల నుంచి పిల్లలు రోజూ వచ్చిపోలేరని. నాకు నిజంగా బాధేసింది, పిల్లల్ని హాస్టల్లో వేసేది ఐఐటీ ఫౌండేషన్‌కి కదా, దూరం అని కూడా వేస్తారా?

స్టీన్స్ కొండ, ఆల్వర్డ్ ఎడారి బానే ఉన్నాయి. సిగ్నల్ లేక స్టేటస్ రెండ్రోజులు లేటైంది.

ఇంటికొచ్చి మా నాన్నకి ఫోన్‌లో అంతా చెప్పా. ఆయన ఆవుల గురించి అడగలేదు, కొండ గురించీ అడగలేదు. "అంత ఖాళీ జాగా పెట్టుకుని ఇన్నాళ్లూ ఎవడూ కబ్జా చెయ్యలేదా?" అన్నాడు. చేశారు నాన్నా, 2016లో కొంతమంది తుపాకులేసుకుని వచ్చి ఇక్కడి భూములమీద ఫెడరల్ ప్రభుత్వానికి హక్కేంటని మల్హ్యూర్ పక్షుల అభయారణ్యం ఆఫీసులో తిష్టవేశారు అన్నా. ఎన్నాళ్లు అన్నాడు. 41 రోజులు అన్నా.

"అంతేనా?" అన్నాడు మా నాన్న, గొంతులో బోలెడంత నిరాశ. "మన తూర్పు గట్టుమీద మీ బాబాయ్ ఇరవై రెండేళ్ల నుంచి కూర్చున్నాడు, వట్టి చేతుల్తో."