తాళంచెవి దాచిన చోటు

ఏపీఐ కీ అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకో సర్వీసును వాడుకోవడానికి ఇచ్చే రహస్య తాళంచెవి. అది పుట్టగానే చాలా సర్వీసులు ఒక హెచ్చరిక చూపిస్తాయి: "ఈ కీ మళ్ళీ కనిపించదు, ఇప్పుడే దాచుకోండి." అది చదివి ప్రోగ్రామర్ కంగారుపడతాడు. ఆ కంగారులో ఎక్కడ దాస్తాడయ్యా అంటే, కోడ్‌లోనే, రెండు కొటేషన్ల మధ్య. పైన ఒక కామెంట్: "తర్వాత తీసెయ్యాలి." ఈ తర్వాత అనేది ఏ పంచాంగంలోనూ లేని తిథి.

మొదట సర్వర్ నుంచి 401 అనే జవాబు వస్తుంది. డాక్యుమెంటేషన్ అంతా తిరగేసి, సర్వీసువాళ్ళను నాలుగు తిట్టాక తేలేదేమిటంటే, కాపీ చేసేటప్పుడు కీ చివర ఒక స్పేస్ అతుక్కుంది. (401 అంటే నువ్వెవరో తెలియదు అని. 403 అంటే ఎవరో తెలుసు, అయినా రానివ్వం అని. రెండోదే ఎక్కువ అవమానం.) స్పేస్ పోతుంది, 200 వస్తుంది, అంటే అంతా సవ్యమని. ఆ సంబరంలో గిట్‌లో యాడ్, కమిట్, పుష్, అంటే మార్పును నమోదు చేసి ఆన్‌లైన్‌కు ఎక్కించడం. ఎక్కించిన రిపోజిటరీ (కోడ్ ఉంచే చోటు) చూస్తే పబ్లిక్!

పబ్లిక్ కోడ్‌లో కీలు ఏరుకోవడమే పనిగా బాట్లు తిరుగుతుంటాయి. వెతకడం కష్టమూ కాదు, కీలకు ఇంటిపేర్లుంటాయి: అమెజాన్ వెబ్ సర్వీసెస్ యాక్సెస్ కీ ఐడీ 'ఏకేఐఏ' అని మొదలైతే, గిట్‌హబ్ క్లాసిక్ పర్సనల్ టోకెన్ 'జీహెచ్‌పీ' అంటుంది. కాపలావాళ్ళు పోల్చుకోవడానికి పెట్టిన గుర్తు దొంగకూ పనికొస్తుంది.

కాసేపటికి 429. అంటే మరీ ఎక్కువ రిక్వెస్టులు పంపుతున్నావని. మనవాడు పంపినవి పదిహేను! అప్పుడు వెలుగుతుంది బల్బు: కీ ఇంకెవరో వాడుతున్నారు. వెంటనే ఆ లైను చెరిపి ఇంకో కమిట్ చేస్తాడు, "సీక్రెట్ కీ తీసేశాను" అని మెసేజ్ పెట్టి. పాత కమిట్‌లో కీ భద్రంగానే ఉంది, దొంగకు దారి చూపే బోర్డు మాత్రం కొత్తగా వచ్చింది. తర్వాత కీని, రహస్యాలు విడిగా పెట్టుకునే '.ఎన్వ్' ఫైల్లోకి మార్చి, అదీ కమిట్ చేసేసి, ఆనక దాని పేరు గిట్ వదిలెయ్యాల్సిన ఫైళ్ళ జాబితా 'గిట్ఇగ్నోర్'లో రాస్తాడు. గిట్ ఒకసారి ట్రాక్ చేయడం మొదలుపెట్టిన ఫైలు మీద ఆ జాబితా పనిచెయ్యదు, ట్రాకింగ్ ఆపడానికి 'గిట్ ఆర్ఎం --క్యాష్డ్' కొట్టాల్సిందే. చివరికి ఫిల్టర్-రెపో అనే పనిముట్టుతో పాత కమిట్ల హిస్టరీ అంతా కడుగుతాడు. అప్పటికే ఎవరో క్లోన్ చేసుకున్న కాపీని ఏ సబ్బుతో కడగాలి?

ఇంత చాకిరీ జరుగుతున్నంతసేపూ సర్వీసు డ్యాష్‌బోర్డులో కీని రద్దు చేసే 'రివోక్' బటన్ ఎదురుచూస్తూనే ఉంది. ఒక్క క్లిక్కు. మామూలుగా కీ మార్చేటప్పుడు ముందు కొత్తది పెట్టి పాతది ఆపాలి. బయటపడ్డ కీని మాత్రం సైటు కాసేపు ఆగినా సరే ముందే చంపెయ్యాలి.

సరే, నొక్కాడు. కొత్త కీకి చదివే హక్కు మాత్రమే ఇచ్చాడు, సర్వర్ ఐపీకి కట్టేశాడు, ఖర్చుకు పరిమితి పెట్టాడు. యూఆర్ఎల్‌లో పెడితే సర్వర్ రాసుకునే లాగ్ ఫైళ్ళలోకి ఎక్కుతుందని, రిక్వెస్టుతో పాటు వెళ్ళే హెడర్‌లో పంపాడు. అయినా మళ్ళీ 401! సర్వర్‌ను రీస్టార్ట్ చెయ్యలేదు మరి, అది ఇంకా పాత కీ ఉన్న వేరియబుల్‌నే పట్టుకుని ఉంది. అది తట్టక, వెళ్తున్న హెడర్లన్నీ ఒకచోట, '.ఎన్వ్' ఫైలు పక్కన తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి అందరూ ఉన్న గ్రూపులో పెట్టాడు: "ఎక్కడ తేడా ఉందో ఎవరైనా చూడండి."

అందరూ చూశారు.