గేటు తీస్తేనే కాళ్ళ మీద నిలబడేది

చలి మొదలైతే బెజవాడలో టిబెట్ వాళ్ళ స్వెటర్ల దుకాణాలు వెలుస్తాయి. బరకం పందిరి కింద కూర్చుని, వచ్చీరాని తెలుగులో "మంచి ఊలు అక్కా, చూడండి" అని పిలిచే పెద్దావిడ కూడా శరణార్థే. బేరమాడేటప్పుడు ఆ మాట మనకు గుర్తే రాదు. ఆవిడ తన పని చేసుకుని బతుకుతోంది మరి.

శరణార్థుల్ని కంచె వేసిన క్యాంపుల్లోనే ఉంచాలన్న వాదన మళ్ళీ జోరందుకుంది. గ్రీస్ 2021లో సామోస్ దీవిలో అలాంటిదే తెరిచింది. బంగ్లాదేశ్ మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలలో వేలమందిని భాసన్ చార్ దీవికి తరలించింది. మనం 1951 శరణార్థుల ఒప్పందంలో చేరనే లేదు. కాబట్టి ఎవరిని ఎలా ఉంచాలన్నది పాలకుల ఇష్టం.

ఆ ఇష్టం ఏం చేస్తుందో పక్క రాష్ట్రాల్లోనే చూడొచ్చు. 1960లో అప్పటి మైసూరు (ఇప్పటి కర్ణాటక) ప్రభుత్వం బైలకుప్పలో టిబెటన్లకు సుమారు 3,000 ఎకరాలు లీజుకిచ్చింది. వాళ్ళు అడవి కొట్టి మొక్కజొన్న వేశారు, సహకార సంఘం పెట్టుకున్నారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ ఉత్సవం జరిపినప్పుడు వేలమంది టిబెటన్లు అప్పటి మన గుంటూరు జిల్లాకు వచ్చి, ప్రశాంతంగా వెళ్ళారు. తమిళనాడులో 1983 నుంచి వచ్చిన శ్రీలంక తమిళులకేమో క్యాంపు, నెల భృతి, హాజరు. భాష ఒకటే అయినా నలభై ఏళ్ళు దాటినా తనిఖీ తప్పలేదు. పెయింటింగ్ పనికి పొరుగు జిల్లాకు పోయినవాడు తనిఖీ రోజున కూలి వదులుకుని రావాల్సిందే.

భద్రత సంగతేమిటంటారు. 1991లో శ్రీలంక తమిళ పులులు చేసిన రాజీవ్ గాంధీ హత్యను ఎవరూ మరిచిపోలేరు, నిజమే. పేర్లు రాసుకోండి, వేలిముద్రలు తీసుకోండి, అనుమానం ఉన్నవాడిపై కేసు పెట్టండి. చంటిపిల్లల్ని ఎందుకు కట్టేయడం?

అసలు మన ప్రభుత్వాలకు పేదవాడంటే అన్నం పెట్టాల్సిన నోరే కనిపిస్తుంది, పని చేసే చేతులు కనిపించవు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నాకు తెలిసిన తాపీమేస్త్రీ ఒకాయన పునరావాస కేంద్రంలో ఉన్నాడు. నాలుగో రోజు పులిహోర ప్యాకెట్ చేతిలో పట్టుకుని, తినకుండా, "పనికెప్పుడు పోవచ్చో చెప్పమనండి సార్" అన్నాడు. ఇంట్లో బురద ఆరకముందే తాపీ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయనకు అది పదిరోజుల ముచ్చట. శ్రీలంక తమిళుల్లో క్యాంపులో పుట్టి, అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కన్నవాళ్ళున్నారు. హాజరు పట్టీ పక్కనబెట్టి, దేశంలో ఎక్కడైనా పనిచేసుకునే కార్డు ముందు వాళ్ళ చేతికివ్వాలి.