బీ సైడ్ మాత్రం వెయ్యకండి

మా ఇంటికి రికార్డు ప్లేయరు వచ్చి ఎనిమిది నెలలైంది. ఇంతవరకు దాని మీద ఒక్క పాట మోగలేదు. కొన్నది మావాడు. రికార్డులు ఆరు తెచ్చాడు కూడా. కవరు చింపితే వాటి విలువ తగ్గుతుందట. అందుకని వాటిని గోడకు ఆనించి, అవే పాటలు ఫోన్‌లో వింటున్నాడు. మొదట్లో వాడికి మతి పోయిందేమో అనుకున్నాను. తర్వాత వాకబు చేస్తే, అమెరికాలో 2022లో రికార్డులు 4 కోట్లకు పైగా అమ్ముడై, 1987 తర్వాత తొలిసారి సీడీలను దాటేశాయని తెలిసింది. కొనేవాళ్లలో సగం మందికి అసలు ప్లేయరే లేదని అక్కడి సర్వే ఒకటి తేల్చింది. ఆ లెక్కన ప్లేయరు కూడా కొన్న మావాడిది వట్టి చాదస్తం.

పాట చేతికి తగలాలా, గాల్లోంచి వస్తే చాలా అన్నది ఆవేశంతో తేలే విషయం కాదు. మొదటి నుంచీ చూద్దాం.

మా తాతగారి కాలంలో రికార్డు లక్కతో చేసేవారు. నిమిషానికి 78 చుట్లు, ఒక్కో వైపు మూడు నిమిషాలకు అటూ ఇటూ. లక్క ఇంట్లోంచి పాండవులు బతికి బయటపడ్డారు గానీ, చేయి జారిన లక్క రికార్డు బతికిన దాఖలా లేదు. అయినా తెలుగుజాతి దానికి రుణపడి ఉంది. వన్స్‌మోర్ వినపడితే చాలు, పద్యం చివర రాగం పట్టుకుని కోడి కూసేదాకా వదలని పద్యనాటకాల నటులను మూడు నిమిషాల్లో ఆపగలిగింది ఆ రికార్డు ఒక్కటే. అది కాంట్రాక్టరు వల్లా కాలేదు, హార్మోనిస్టు వల్లా కాలేదు.

తర్వాత కేసెట్. తెల్లకాగితం మీద పాటల పట్టీ రాసిస్తే షాపులో రికార్డు చేసిచ్చేవారు. ఏ సైడ్ చివరి పాట రెండో చరణం మధ్యలో టేపు అయిపోయి టప్‌మని ఆగేది. ఆ పాట నాకు ఇప్పటికీ అంతవరకే వచ్చు. మొన్న ఫోన్‌లో పూర్తిగా విన్నాను, మిగతాది ఎవరో తర్వాత అతికించినట్టుంది. టేపు వదులైతే పెన్సిల్, హెడ్డుకు మురికి పడితే దూది, స్పిరిట్. ఇంత సేవ చేస్తేనే పాట మనదనిపించేది. దేవుడి దగ్గరా మన పద్ధతి అదే కదా.

కేసెట్ అసలు గొప్పతనం మాత్రం అరువులో ఉంది. మా పెద్ద బావగారు 1991లో పట్టుకెళ్లిన కేసెట్ ఇంకా తిరిగి రాలేదు. మూడు పెళ్లిళ్లలో అడిగాను, ఒక ఓణీల ఫంక్షన్‌లో అడిగాను. రెండు కుటుంబాల మధ్య రాకపోకలు నిలిచి ఉన్నాయంటే దాని పుణ్యమే. ఫోన్‌లో లింకు పంపితే ఎవరు బాకీ పడతారు?

సీడీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 1982లో వచ్చింది. ఇప్పుడు మా ఊళ్లో జొన్నచేల మీద దారాలకు వేలాడుతూ పిట్టలను బెదిరిస్తోంది.

ఎంపీ3ని జర్మనీ ఇంజనీర్లు తయారుచేశారు. పెద్ద మోత ఉన్నప్పుడు పక్కనున్న చిన్న శబ్దం చెవికి ఆనదు కాబట్టి దాన్ని తీసేసినా ఫర్వాలేదన్నది వాళ్ల సూత్రం. దీనికి జర్మనీ దాకా ఎందుకు? మిక్సీ తిరుగుతుండగా కరివేపాకు తెమ్మన్న మాట నాకు ముప్పయ్యేళ్లుగా వినపడటం లేదు. ఈ శాస్త్రాన్ని మా ఆవిడ ఒప్పుకోదు.

ఫోన్ పాటల గురించీ న్యాయంగానే మాట్లాడాలి. అటక మీద చోటు అక్కర్లేదు, దుమ్ము పట్టదు. హక్కుల ఒప్పందం తీరిపోతే నిన్నటి పాట ఇవాళ ఉండదు, అంతే. అద్దె ఇంట్లో ఉన్నవాడికి అదేమంత కొత్త కాదు. నేనూ అలవాటు పడేవాణ్ణే గానీ, నిరుడు మా వీధిలో ఒక పెద్దాయన పోయారు.

ఘంటసాల భగవద్గీత మోగకపోతే మనిషి పోయాడని మా వీధికి నమ్మకం కుదరదు. వెనకటికైతే కేసెట్ ఉండేది. ఈసారి వైకుంఠ రథం మైకుకు మనవడి ఫోన్ తగిలించారు. డబ్బు కట్టని ఖాతా. ఆత్మకు చావు లేదన్న శ్లోకం అయింది. తాత్పర్యం అందుకునేలోగా ఒక హుషారైన గొంతు "రిజిస్ట్రేషన్ ఉచితం, వెంటనే గృహప్రవేశం!" అంది. వెనక నడిచేవాళ్లందరూ తలలు దించుకున్నారు, దుఃఖంతో కాదు. ఐదు సెకన్లాగి దాటేయొచ్చట. కానీ ఫోన్ రథంలో ఉంది, దాని లాక్ తీసే వేలు మనవడిది, మనవడేమో ముందు బొరుగులు చల్లుతున్నాడు. శ్మశానం చేరేలోపు మూడు వెంచర్లు దాటాం.

ఇంటికొచ్చి స్నానం చేసి, నా గీత కేసెట్ వెతికి తీశాను. టేప్‌రికార్డరుకు బెల్టు సాగిపోయింది, కోఠీలో దొరికితే తెమ్మని మావాడికి పురమాయించాను. రెండూ బీరువాలో ఇంటి కాగితాల పక్కన పెట్టాను. ఒకటే చిక్కు. 1996లో ఆ కేసెట్ మీద ఇంకేదీ రికార్డు కాకుండా పైన ఉంచిన కన్నంలో కాగితం కూరి, బీ సైడ్ మీద మావాడి ఎల్‌కేజీ రైమ్సు రికార్డు చేశాం. వాటి వెనక మిక్సీ మోత, ఆ మోతలోనే "కరివేపాకు తెమ్మన్నానా లేదా" అన్న మా ఆవిడ గొంతు, తర్వాత ఆవిడ నాకు పెట్టిన చీవాట్లు, అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తాయి.

అందుకే "ఏ సైడ్ మాత్రమే" అని ఎర్ర స్కెచ్ పెన్నుతో చీటీ రాసి అంటించాను. ఈమధ్య ఆ చీటీ రెండుసార్లు ఊడిపోయింది. జిగురు మంచిదే.