పది రూపాయల చార్‌కోల్ పెన్సిల్ గారికి ఒక విన్నపం

పెన్సిల్ గారూ,

బాగుండారా అని అడగను, మెండర్‌లో మీకు పట్టిన గతి నిన్న నా కళ్ళతోనే చూశా.

తిరుపతి గాంధీ రోడ్డు షాపులో డబ్బాలో బుద్ధిగా నిలబడి ఉంటిరి, "ఆర్టిస్టులంతా ఇదే తీసకపోతారు సార్" అన్నాడు షాపాయన, నా మొహంలో ఆర్టిస్టు యాడ కనపడ్డాడో తెలీదు గానీ ఆ సార్ అనే మాటకే పడిపోయి మీతో పాటు 2బీ, 4బీ, 6బీ, 8బీ అని మీ గ్రాఫైట్ చుట్టాల్ని కూడా తెచ్చుకున్నా. ఒక్క గీత గీయకముందే స్టేటస్ కూడా పెట్టేశా, అది వేరే కథ.

గోవిందరాజస్వామి గుడి గాలిగోపురం గీద్దామని కూర్చుంటే మొదటి తిప్పుడుకే మీ మొన పుటుక్కు. మళ్ళీ చెక్కితే మళ్ళీ పుటుక్కు. డబ్బా ఎప్పుడు కిందపడిందో ఏమో, లోపల మీరు ముందే ముక్కలై ఉండారు, పైన మాత్రం బంగారు అక్షరాలు! బ్లేడుతో చెక్కినా అంతే. ఏడంగుళాల మీరు మూడంగుళాలకి వచ్చేసరికి ఏడంతస్తుల గోపురంలో ఒక్క అంతస్తు లేచింది, అదీ కుడిపక్కకి వాలి.

మీ చుట్టాల సంగతి ఇంకా ఘోరం. గ్రాఫైట్‌లో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతికి 1795లోనే ఫ్రాన్స్‌లో కాంటే అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు, మట్టి జాస్తి అయితే గట్టిగా హెచ్, తగ్గితే మెత్తగా బీ. నేను తెచ్చిన వాటిల్లో 4బీ ఏదో 6బీ ఏదో తెలియాలంటే మీదున్న నంబరు చదువుకోవాల్సిందే. 8బీతో ఎంత రుద్దినా నలుపు రాలేదు, తోమిన స్టీలు గిన్నె మాదిరి తళతళ. పోనీ దానిమీద మిమ్మల్ని రుద్దుదామంటే పట్టు దొరక్క జారిపోయినారు.

నలుపులో మాత్రం మీకు వంక పెట్టలేను. పేపర్ మీద తప్ప అన్నిచోట్లా బాగా అంటుకున్నారు, అరచెయ్యి, చొక్కా, ఫోను, ఆఖరికి ఇడ్లీ. "ఏందిరా బొగ్గుల మూట మోసినోని మాదిరి ఉండావు" అనింది మా అమ్మ.

బస్సెక్కితే శ్రీకాళహస్తి, అక్కడ కలంకారీ వాళ్ళు కాల్చిన చింతపుల్లతో గుడ్డ మీద రాముణ్ణి, రథాన్ని గీసిపారేస్తారు, ఆ పుల్ల మీద బంగారు అక్షరాలూ ఉండవు, నంబరూ ఉండదు. రోషమొచ్చి నేనూ నాలుగు చింతపుల్లలు గ్యాస్ స్టవ్ మీద కాల్చా. గాలి తగలకుండా మూతేసి కాల్చాలని తర్వాత తెలిసింది. బూడిద మిగిలింది, తిట్లు కూడా.

కాబట్టి గొడవొద్దు, రాజీకి వస్తా. మిగిలిన మూడంగుళాల మిమ్మల్ని మా అమ్మ పాల లెక్కకి తీసుకుంది. క్యాలెండర్ కాగితం నున్నగా ఉండేసరికి పొద్దున రాసిన లీటరు సాయంత్రానికి గోడకి అంటుకుంటా ఉండాది. నెలాఖరుకి పాలాయన వస్తాడు, సాక్ష్యం మీరే చెప్పాల.

ఇట్లు,
ఇంకా చేతులు కడుక్కుంటా ఉన్న
మీ ఆర్టిస్ట్ సార్