ఆ జంషెడ్‌పూర్ మెసేజ్ ఇంక నాకు పంపకండి

ఈ నెలలో నాలుగోసారి. నిన్న మా బావ కూడా పంపాడు. "జంషెడ్‌జీ టాటా మనుషులే లేని అడవికి వెళ్లి, సొంత డబ్బుతో ఊరు కట్టి, తన పేరు పెట్టుకున్నారు. కార్మికులు అడగకముందే అన్నీ ఇచ్చారు" అని, కింద దండాల బొమ్మలు.

పేరు పెట్టింది 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్. అది వదిలేద్దాం.

వెళ్లి కట్టడమా? ఆయన 1904 మేలో జర్మనీలో కన్నుమూశారు, స్థలం ఖాయమైంది 1907 చివర్లో. ఆత్మ వచ్చి కొలతలు వేసిందేమో! కట్టించింది కొడుకు దొరాబ్‌జీ, ఆయన మనుషులు.

సొంత డబ్బు కూడా కాదు. 1907లో ఆ ఊరికి మూలమైన టాటా ఉక్కు కంపెనీ షేర్లు అమ్మకానికి పెడితే స్వదేశీ ఊపులో ఎనిమిది వేల మంది దాకా మూడు వారాల్లో 16 లక్షల పౌండ్లకు పైగా పోశారు. వాళ్లకు ఏ మెసేజ్‌లోనూ దండం లేదు.

నాకు ఒళ్లు మండేది "మనుషులే లేని అడవి" అన్న మాటకి. జంషెడ్‌పూర్ కట్టిన చోట, సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, అప్పటికే సాక్చి అనే ఊరుంది. మనుషులు లేకపోతే దానికా పేరు ఎవరు పెట్టారు, ఎలుగుబంట్లా? సంతాల్, హో, భూమిజ్ జనం అక్కడ పొలాలు చేసుకుని బతికేవాళ్లు, ఆ భూమిని ప్రభుత్వం భూసేకరణ చట్టం కింద తీసుకుని కంపెనీ చేతిలో పెట్టింది, భూమి పోయినవాళ్లలో చాలామంది అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర కూలికి నిలబడ్డారు. ఉన్నవాళ్లను లేరని రాసేస్తే ఇంక పరిహారం గురించి అడిగేదెవరు? ఇప్పటికీ గనులకి, డ్యాములకి భూమి తీసుకునేటప్పుడు వినిపించేది ఈ పాటే.

అడగకముందే ఇచ్చారట! 1920లో సమ్మె, పోలీసు కాల్పులు, చావులు. 1928లో నెలల తరబడి మళ్లీ సమ్మె, నాయకత్వానికి సుభాష్ చంద్రబోస్ రావాల్సి వచ్చింది. అన్నీ అందినవాళ్లు సరదాకి సమ్మె చేశారు కాబోలు.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఎనిమిది గంటల పని అక్కడ 1912లోనే వచ్చింది, దేశంలో అది చట్టమవడానికి ఇంకో మూడు దశాబ్దాలు దాటింది. ఊరు ఎక్కడో తేలకముందే, 1902లో, వీధులు వెడల్పుగా ఉండాలి, నీడనిచ్చే చెట్లు నాటాలి, ఆటస్థలాలకి చోటు వదలాలి అని ఆ పెద్దాయన కొడుక్కి ఉత్తరం రాశారు. నిజంగా పొగడాల్సినవి ఈ రెండూ, మెసేజ్‌లో మాత్రం రెండూ లేవు. బావా, మళ్లీ పంపాలనిపిస్తే ఇవి రాసి పంపు, సాక్చి పేరు కూడా కలుపు.