విమానంతో పాటు దాని చరిత్రనూ అప్పగించాలి

2002 జూన్ 17న కాలిఫోర్నియాలోని వాకర్ దగ్గర కార్చిచ్చు మీద మంటలు ఆపే రసాయనం చల్లుతున్న సి-130ఎ విమానం రెక్కలు రెండూ గాలిలోనే విరిగిపోయాయి. లోపలున్న ముగ్గురూ చనిపోయారు. నేల మీద నుంచి కెమెరాతో తీస్తున్నవాళ్ల వీడియోలో ఇదంతా రికార్డయింది. ఆ విమానం 1957లో అమెరికా వైమానిక దళం కోసం తయారైంది. దళం దాన్ని పక్కన పెట్టాక ఒక ప్రైవేటు కంపెనీ చేతికి వచ్చింది. అటవీ శాఖ కాంట్రాక్టు మీద మంటలార్పే పనిలో ఉండగా కూలిపోయింది.

అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు శిథిలాలను పరీక్షిస్తే కుడి రెక్క అడుగున 12 అంగుళాల పగులు బయటపడింది. అది రివెట్ల రంధ్రాల దగ్గర మొదలై మెల్లగా పాకింది. కొంత భాగం పాత మరమ్మతులో వేసిన అదనపు రేకు కింద దాక్కుని ఉంది. మామూలుగా కంటితో చూసే తనిఖీలో ఎంత శ్రద్ధగల మెకానిక్‌కైనా అది దొరికేది కాదు.

ఇలాంటి ప్రమాదం జరగగానే "పాత విమానాలు కదా, ఎందుకు ఎగరనిస్తారు?" అంటారు. నాకు ఆ ప్రశ్న తప్పుదారి పట్టించేదిగా కనిపిస్తుంది. పాతదనమే నేరమైతే డకోటా విమానాల కథ వేరేగా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో సి-47 పేరుతో పదివేలకు పైగా తయారైన ఆ విమానాలు యుద్ధం ముగియగానే మిగులు సరుకుగా చవగ్గా అమ్ముడుపోయాయి. ప్రపంచంలో ఎన్నో విమాన సంస్థలు వాటితోనే పుట్టాయి. వాటి నిర్మాణం దృఢంగా ఉండేది. లోపల గాలి పీడనం పెంచే ఏర్పాటు లేదు కాబట్టి ఎగిరిన ప్రతిసారీ బాడీ ఉబ్బి తగ్గే బాధ కూడా లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. విమానాలతో పాటు వాటిని నడిపిన పైలట్లు, విప్పి బిగించిన మెకానిక్‌లు, గుట్టలుగా విడి భాగాలు కూడా సైన్యం నుంచి బయటికొచ్చాయి. పైగా మూలం డీసీ-3 ప్రయాణికుల విమానమే కాబట్టి వాటిని పౌర నిబంధనల కింద ఎలా చూసుకోవాలో అప్పటికే తెలుసు. అంటే చేతులు మారింది లోహం ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న అనుభవమంతా వెంట వచ్చింది.

హెర్క్యులిస్, అంటే సి-130 విషయంలో జరగనిది ఇదే. సైన్యంలో ఉన్నంతకాలం సి-130 వెనక ఒక పెద్ద వ్యవస్థ ఉంటుంది. రెండు రెక్కలనూ కలిపే నడిమి భాగం, అంటే సెంటర్ వింగ్ బాక్స్ ఎంత అలిసిందో తెలుసుకోడానికి అమెరికా వైమానిక దళం మామూలు గంటలను నమ్ముకోదు. ఎంత బరువుతో, ఎంత ఎత్తులో, ఏ రకం పనిలో ఎగిరిందో చూసి ఒక్కో గంటకీ తీవ్రత లెక్క కడుతుంది. ఆ లెక్కలో 38,000 గంటలు దాటితే విమానం మీద ఆంక్షలు పెడతారు. 45,000 చేరితే వింగ్ బాక్స్ మార్చేదాకా ఎగరనివ్వరు. లాగ్‌బుక్‌లో ఒకే సంఖ్య ఉన్న రెండు విమానాల్లో ఒకటి ఆరోగ్యంగా, ఇంకొకటి ప్రమాదపు అంచున ఉండొచ్చని దళానికి తెలుసు కాబట్టే ఈ ఏర్పాటు.

మంటలార్పే పని ఈ లెక్క ప్రకారం చాలా కఠినమైనది. నేలకి కొన్ని పదుల మీటర్ల ఎత్తులో, కొండల మధ్య, మంట వేడికి ఎగదన్నే గాలిలో వెళ్లాలి. టన్నుల కొద్దీ రసాయనం కొన్ని సెకన్లలో దిగిపోతుంది, విమానం ఒక్కసారిగా తేలికై పైకి లేస్తుంది, పైలట్ వెంటనే లోయ నుంచి బయటికి లాగుతాడు. ఆ ఒత్తిడంతా రెక్కల మొదట్లోనే పడుతుంది. పైగా సరుకు మోయడానికి డిజైన్ చేసిన విమానం ఇది, ఇలాంటి విన్యాసాలకి కాదు. రెండో జీవితం మొదటిదానికంటే తేలిక అనుకోవడం సహజమే గానీ, ఇక్కడ నిజం అందుకు తలకిందులు.

మరి ఈ తేడాను ఎవరు కనిపెట్టాలి? 2004లో భద్రతా బోర్డు ఎత్తిచూపిన లోపం ఇదే. పౌర విమానయాన నియంత్రణ సంస్థేమో మంటలార్పడం ప్రభుత్వ పని కాబట్టి తన పరిధిలోకి రాదంది. అటవీ శాఖకు విమాన నిర్మాణ శాస్త్రంలో నైపుణ్యం లేదు. కంపెనీల నిర్వహణ పద్ధతులు మంటలార్పే పనిలోని ఒత్తిడికి తగ్గట్టు రూపొందినవి కావు. వాకర్ ప్రమాదం జరిగిన నెలకే కొలరాడోలో యుద్ధకాలం నాటి మరో విమానం, ప్రైవేటీర్, రెక్క విరిగి కూలింది. ఇద్దరు పోయారు. 2004 మేలో ప్రభుత్వం ఒకేసారి 33 పెద్ద ట్యాంకర్ల, అంటే మంటలార్పే విమానాల కాంట్రాక్టులు రద్దు చేసింది. ఆ పని ముందే చేసి ఉంటే ఐదుగురు బతికి ఉండేవారన్న బాధ నాకు ఆ నివేదిక చదివినప్పుడల్లా కలుగుతుంది.

దాగి ఉండేవి పగుళ్లు మాత్రమే కావు. వియత్నాంలో చెట్ల ఆకులు రాల్చే ఏజెంట్ ఆరెంజ్ రసాయనం చల్లిన సి-123 విమానాలను యుద్ధం తర్వాత రిజర్వు దళాలు సరుకు మోయడానికి, రోగుల తరలింపు శిక్షణకు వాడాయి. ఆ విషపు అవశేషాల వల్ల ఆ సిబ్బందికి హాని జరిగి ఉండొచ్చని ప్రభుత్వం ఒప్పుకుని వాళ్లకి పరిహారం వర్తింపజేసింది 2015లో. అంటే పిచికారీ ఆగిన నాలుగు దశాబ్దాలకి. ఒక సైన్యంలోనే ఒక విభాగం నుంచి మరో విభాగానికి వెళ్లిన విమానం గతం ఇంత ఆలస్యంగా తేలితే, వేలంలో కొన్న బయటివాడికి ఏం తెలుస్తుంది?

సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో కూడా కాలిఫోర్నియాలోనే చూడొచ్చు. తీర రక్షక దళం నుంచి వచ్చిన ఏడు సి-130హెచ్ విమానాలను అటవీ శాఖకు ఇవ్వాలని 2013 చివర్లో చట్టం చేశారు. తర్వాత ఆ శాఖ వద్దనుకోవడంతో అవి రాష్ట్ర అగ్నిమాపక సంస్థ కాల్‌ఫైర్‌కి దక్కాయి. అవసరమైనవాటికి వైమానిక దళమే సెంటర్ వింగ్ బాక్సులు మార్చింది. 4,000 గ్యాలన్ల ట్యాంకు అమర్చాక మొదటి విమానం పనిలోకి దిగింది 2024లో. పదేళ్ల జాప్యాన్ని చాలామంది విమర్శించారు. అందులో కొంత ఆఫీసుల మధ్య ఫైళ్ల జాప్యమే, దాన్ని సమర్థించలేం. కానీ వింగ్ బాక్సులు మార్చడానికి పట్టిన సమయాన్ని వృథా అనడానికి నేను ఒప్పుకోను.

నిర్మాణం బాగున్నంత మాత్రాన పని పూర్తయినట్టూ కాదు. 2020 జనవరి 23న ఆస్ట్రేలియాలో కూమా దగ్గర కూలిన సి-130 ప్రమాదంలో ముగ్గురు అమెరికన్లు మరణించారు. 1981లో అమెరికా నౌకాదళం కోసం తయారైన ఆ విమానం రెక్కలు విరగలేదు. రసాయనం వదిలి పైకి లేస్తుండగా గాలి హఠాత్తుగా మారి విమానం పట్టు తప్పింది. అలాంటి గాలి మార్పును పసిగట్టి హెచ్చరించే పరికరం అందులో లేదని దర్యాప్తు నివేదిక గుర్తించింది. కొత్త పనిలోని కొత్త ప్రమాదాలకు తగ్గట్టు విమానాన్ని సిద్ధం చేయడం కూడా అప్పగింతలో భాగమే.

అందుకే అమ్మే సైన్యం మీద చట్టపరంగా కొన్ని బాధ్యతలు పెట్టాలి. తీవ్రత లెక్కలతో సహా పూర్తి నిర్మాణ రికార్డు, ప్రతి మరమ్మతు వివరం, మోసిన ప్రమాదకర పదార్థాల జాబితా ఇవ్వకుండా విమానం గేటు దాటకూడదు. పనికి పెట్టుకునే ప్రభుత్వ శాఖ అతి తక్కువ ధర చెప్పిన కంపెనీకి కాకుండా, ఆ రికార్డు ఆధారంగా తనిఖీ ప్రణాళిక చూపిన కంపెనీకే కాంట్రాక్టు ఇవ్వాలి. రేకుల కింద ఎక్స్‌రేతోనో మరో పద్ధతితోనో చూడటం ఆ ప్రణాళికలో ఉండాలి. దీనివల్ల ఖర్చు పెరిగి కొన్ని విమానాలు గిట్టుబాటు కావు. అలాంటివాటిని విడి భాగాల కోసం విప్పేయాలి, లేదా మ్యూజియంలో పెట్టాలి. పైలట్లను ఎక్కించి మంటల మీదికి పంపకూడదు.