నీళ్ళ నోరు మూయించే ఫ్లెయిర్ గారికి

ఫ్లెయిర్ గారూ, నమస్కారమండి.

నన్ను గుర్తుపట్టకపోవచ్చు మీరు, రోజుకి ఎన్ని తలకాయలు చూస్తారో పాపం. పోయిన నెల ఓ మంగళవారం గాజులూ పుస్తెలూ తీసి మా ఆయన జేబులో వేసి, చెవుల్లో దూది కుక్కుకుని, ఆ ఎంఆర్‌ఐ స్కాన్ సొరంగంలో కదలకుండా పడుకున్నది నేనే. కాసేపు టకటకా, కాసేపు పక్కింట్లో బోరు వేస్తున్నట్టు, అందులో మీ చప్పుడు ఏదో నాకు తెలీలేదు గానీ రిపోర్టులో మాత్రం మూడు చోట్ల మీ పేరే. ఆ మిషను మెదడుని ఫోటో తీసే పద్ధతుల్లో మీరొకరని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక ఏముంది, మా పిన్ని కొడుకు రేడియాలజీ పీజీ చేస్తున్నాడు, వాడికి ఫోన్ కొట్టా. వాడు మీ వీరాభిమాని అని అప్పటిదాకా తెలీదు. "అక్కా, మెదడు చుట్టూ, లోపలి గదుల్లో కలిపి ఓ 150 ఎంఎల్ నీళ్ళుంటాయి, టీ2 అనే పాత రకం ఎంఆర్‌ఐ ఫోటోలో ఆ నీళ్ళూ తెల్లగానే పడతాయి, జబ్బూ తెల్లగానే పడుద్ది, సున్నం గోడ మీద పాలచుక్క పడితే కనపడుద్దా చెప్పు" అన్నాడు. నిజమే అనుకున్నా. 1992 ప్రాంతంలో లండన్ హామర్‌స్మిత్ హాస్పిటల్లో గ్రేమ్ బైడర్ గారూ వాళ్ళ టీమూ మిమ్మల్ని తయారుచేసింది ఆ గోడని నల్లగా మార్చడానికేనంట.

మీ పద్ధతి విన్నాక మాత్రం ఒప్పుకోవాలండి, మీది మామూలు తెలివి కాదు. ముందు రేడియో తరంగంతో 180 డిగ్రీల దెబ్బ ఒకటి కొట్టి, కొవ్వులో, మెదడులో, నీళ్ళలో ఉన్న హైడ్రోజన్ బుల్లి అయస్కాంతాలు అందర్నీ తలకిందులు చేసేస్తారు, తర్వాత ఎవరి స్పీడులో వాళ్ళు లేచి నిలబడతారు, కొవ్వు ముందు, మెదడు తర్వాత, నీళ్ళు మాత్రం ప్రతి స్టేషన్లో ఆగే ప్యాసింజర్ బండి లాగా వస్తా ఉంటాయి. ఆ నీళ్ళ సిగ్నల్ సరిగ్గా సున్నా దగ్గరికొచ్చే టైముకి, అంటే దెబ్బ కొట్టిన రెండు సెకన్ల పైచిలుకుకి, మీరు క్లిక్ కొడతారు. పెళ్ళి గ్రూప్ ఫోటోలో ఎప్పుడూ వాగే బాబాయి ఊపిరి పీల్చుకోడానికి నోరు మూసిన ఆ ఒక్క క్షణం పట్టుకున్నట్టు. నీళ్ళు నల్లగా అయిపోతాయి. జబ్బు చోట ఊరిన నీరు మెదడు గుజ్జులో కలిసిపోయి ఉంటది కాబట్టి మీ లెక్కకి చిక్కదు, తెల్లగా మిగిలిపోద్ది, అదీ దొంగ.

బాగుంది. కానీ అయ్యా, 150 ఎంఎల్ నీళ్ళని నోరెత్తకుండా చేసిన మీరు, ఆ రిపోర్టు రాసేవాళ్ళు నీళ్ళు నమలకుండా ఎందుకు ఆపలేకపోయారు?

నాకు పదిహేనేళ్ళ నుంచి మైగ్రేను. రిపోర్టులో ఏమో "ఫ్యూ నాన్ స్పెసిఫిక్ ఫ్లెయిర్ హైపర్ ఇంటెన్సిటీస్", అంటే ఫలానా జబ్బని చెప్పలేని కాసిని తెల్లమచ్చలు, ఆ పక్కన "స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్", అంటే సన్న నాళాల్లో రక్తం తగ్గిన గుర్తులు, చివర్లో "క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్". అంటే ఏమన్నా ఉండొచ్చు, లేకపోవచ్చు, మీ డాక్టర్ని అడిగి చావండి అని. ఆరు వేలు కట్టింది ఇది చదవడానికా? మా ఆయన ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పెట్టారు, పది నిమిషాల్లో మా ఆడపడుచు నాకు పక్షవాతం అని తేల్చింది, మా తోడికోడలు వాళ్ళ ఆఫీసులో ఎవరికో ఇలాగే మొదలైంది అని మొదలుపెట్టింది. రాత్రి రెండింటికి గూగుల్ చేస్తే మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే పెద్ద నరాల జబ్బు దగ్గర తేలా.

మీరూ తప్పులు చేస్తారంట కదా, మా తమ్ముడే చెప్పాడు. మెదడు కాండం ముందర నీళ్ళు గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతాయి, మీ దెబ్బ తినని కొత్త నీళ్ళు మధ్యలో దూరితే అక్కడ తెల్లగా వెలిగి రక్తం కారిందేమో అనిపిస్తది. ఆక్సిజన్ మాస్కు పెట్టిన పేషెంటుకీ అలాగే. పళ్ళకి లోహం క్లిప్పులున్న పిల్లలొస్తే మీ ఫోటో చెడిపోద్ది, ఇక చెప్పక్కర్లేదు. వెనకాల చిన్నమెదడు వైపు మీకంటే ఆ పాత టీ2నే నయమంట. ఇవేమీ మీ బయోడేటాలో రాసుకోరే?

సరే, ఎప్పుడూ తిట్టడమేనా అంటారు. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన కొడుక్కి ఫిట్స్ వస్తే, మెదడులో నీటి తిత్తి, దాని లోపల బద్దెపురుగు తల చుక్కలాగా చూపించింది మీరే, బిళ్ళలు వాడి ఇప్పుడు కాలేజీకి పోతున్నాడు. ఇంకోటి, నిద్రలో స్ట్రోకొచ్చి పొద్దున లేచిన మనిషికి ఎప్పుడు మొదలైందో తెలీదు కదా, డిఫ్యూజన్ అనే ఇంకో రకం ఎంఆర్‌ఐ ఫోటోలో మచ్చ కనపడి మీలో ఏమీ కనపడకపోతే ఇంకా నాలుగున్నర గంటలు దాటి ఉండదని లెక్కేసి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చంట, 2018లో ట్రయల్ కూడా అయింది. అక్కడ మీరు ఏమీ చూపించకపోవడమే ఉద్యోగం. ఆ సుగుణం నా దగ్గర చూపిస్తే మీ సొమ్మేం పోయేది?

చివరికి న్యూరాలజిస్టు రిపోర్టు పక్కన పెట్టి ఫిల్ము చూసి, నవ్వి, "మైగ్రేన్ వాళ్ళకి ఇవి మామూలమ్మా, వయసుకీ వస్తాయి, బీపీ చూసుకో" అన్నారు. ఫజేకాస్ అనే ఆయన 1987లో వీటికి 0 నుంచి 3 దాకా మార్కులు పెట్టారంట, ఎక్కువొస్తే మచ్చలెక్కువని, నాకు 1 వచ్చింది. పరీక్షలో ఒక మార్కొచ్చి సంతోషంతో హోటల్లో దోసె తిన్నది జీవితంలో ఇదే.

ఫిల్ము ఇప్పుడు బీరువా మీద ఉంది. ఉంది అంటే ఉండనివ్వడం లేదు, వచ్చిన ప్రతి చుట్టానికీ మా అత్తగారు దాన్ని కిటికీ వెలుతుర్లో పెట్టి "ఇవిగో మా కోడలి మచ్చలు" అని చూపిస్తున్నారు, అదీ తలకిందులుగా పట్టుకుని. మీ శిష్యరికమే అనుకుంటా.

ఇట్లు,
మీ ఫ్యూ నాన్ స్పెసిఫిక్ మనిషి